కొసరు తెలియని మిషను

మొన్న తలనూనె కొందామని హనుమకొండలో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి ఒక సీసా తీసి నా ముందు నిలబెట్టి, దాని మెడ కింద ఉన్న ఎర్రటి అక్షరాలను గోటితో చూపించింది. "లోపల అదనపు నూనె, ఉచితం" అని అచ్చువేసి ఉంది.

"ఏదమ్మా ఆ అదనం?" అన్నాను.

"లోపలనే ఉంటది సార్."

"లోపలంటే అడుగున ఉంటదా, మీద ఉంటదా?"

"కలిసిపోయి ఉంటది సార్."

నాకు నవ్వాగలేదు. పాపం, తన మీద నవ్వుతున్నాననుకుని ఆ అమ్మాయి మొహం ముడుచుకుంది. నేను నవ్వింది ఆమెను చూసి కాదు. ఆమె వెనక, అద్దాల బీరువాకు ఆనుకుని, చనిపోయి చాన్నాళ్ళయిన ఒక నూనె వ్యాపారి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డట్టనిపించింది. "కలిసిపోయినంక అది కొసరెట్లయితదిరా? కండ్లకు కనవడాలె గద!" అని కసురుతున్నట్టు కూడా వినిపించింది.

ఆయన పేరు చెప్పను. చెబితే ఆయన మనవలు నన్ను దుకాణం మెట్లెక్కనివ్వరు. వాళ్ళ దగ్గర పల్లినూనె మంచిది దొరుకుతుంది, ఆ దారి మూసుకోవడం నాకిష్టం లేదు. వరంగల్ బజారంతా ఆయన్ని సేటు అనేది. సేట్లు ఇంకా చాలామంది ఉండేవాళ్ళు గానీ, వాళ్ళను పిలవాలంటే పేరు కూడా తగిలించాలి. ఉత్త సేటు ఈయనొక్కడే.

అప్పట్లో నేను ఆయన సరుకు ఊళ్ళు తిరిగి అమ్మిపెట్టేవాణ్ణి. అమ్మకానికి అబద్ధాలు ఎంత అవసరమో అక్కడే నేర్చుకున్నాను. అప్పుడు అమ్ముడుపోక మిగిలినవి ఇప్పుడిలా రాతలో వాడుకుంటున్నాను.

మనిషి పొట్టిగా, గుండ్రంగా, నున్నగా ఉండేవాడు. పుట్టింది మొదలు పీపాల మధ్యే మసిలాడేమో, నూనె ఒంట్లోకి ఇంకిపోయింది. చెయ్యి కడుక్కునే అలవాటు లేదు, పిక్కలకు రాసుకునేవాడు. ఆయన ముట్టుకున్న కాగితాన్ని వెనక నుంచి కూడా చదవొచ్చు. వానలో గొడుగు లేకుండా నడిచేవాడనీ, చినుకులు ఒంటిమీద నిలవలేక జారిపోయేవనీ అంటే మీరు నమ్మరు. సరే, నమ్మకండి. కానీ స్టేషను దగ్గర ఒక జేబుదొంగ ఆయన జేబులో చెయ్యి పెట్టి, దొరికిన చిల్లర పట్టు చిక్కక అక్కడే జారవిడిచి పారిపోవడం మాత్రం నేను కళ్ళారా చూశాను. సేటు వెనక్కి తిరిగి, "నిమ్మలంగ తియ్యిరా, తొందరేంది?" అన్నాడు. ఈ చివరి మాట మాత్రం నేను కలిపింది.

పిసినారితనంలో ఆయనకు సాటి లేదు. దుకాణంలో లాంతరు వత్తి పైకి లేపడం ఎవరూ చూడలేదు. పొద్దున పెళ్ళి ఉంటే ముందురోజు రాత్రే అన్నం మానేసేవాడు. ఎవరైనా వచ్చి కూర్చుంటే చాయ్ తెప్పిస్తానని చెప్పి, ఆ చాయ్ ఎంత బాగుంటుందో వాళ్ళు లేచిపోయేదాకా వర్ణించేవాడు. అలాంటి మనిషి కొసరు దగ్గరికొచ్చేసరికి పూర్తిగా మారిపోయేవాడు.

ఇత్తడి కొలత పాత్రలో అంచుదాకా నూనె పోసి, నిండిందని కొనేవాడికి చూపించి, వాడి గిన్నెలో ఒంపేవాడు. బేరం అక్కడితో అయిపోయినట్టే. అయినా వాడు కదలడు. సేటూ కదలడు. ఒకరి మొహంలోకి ఒకరు చూసుకునేవాళ్ళు. అప్పుడు సేటు గరిటె పీపాలో ముంచి, మణికట్టును ఒక్కసారి తిప్పి, సన్నటి దారంలా నూనె వదిలేవాడు. ఆ దారం తెగేదాకా బజారు నిశ్శబ్దంగా ఉండేదంటే అతిశయోక్తి గానీ, ఆ ఇద్దరు మాత్రం ఊపిరి తీసుకునేవాళ్ళు కాదు. తెగిన తర్వాత, "ఇగ పో" అనేవాడు, అక్షింతలు వేసినట్టు. ఇంట్లో బాలింత ఉందని తెలిస్తే ఆ దారం ఎంతసేపటికీ తెగేది కాదు. పోలీసు జవాను గిన్నె పట్టుకొస్తే చుక్కలుగా రాలేది.

సేర్లు పోయి లీటర్లు వచ్చిన కొత్తలో బజారు బజారంతా తికమకపడింది. సేటు చలించలేదు.

"కొలత సర్కారుది, కొసరు నాది," అనేవాడు. "సర్కారు దాని కొలత ఎన్నిసార్లన్న మార్చుకోనియ్యి. కొసరుకు పేరు పెట్టే మొగోడు ఢిల్లీల ఇంక పుట్టలే."

అంతా సాఫీగా సాగుతుండగా దూరపు ఊళ్ళ నుంచి సీసాల్లో నింపి బిరడా బిగించిన తలనూనెలు రావడం మొదలైంది. ఒకరోజు హనుమకొండ కాలేజీ పిల్లవాడొకడు దుకాణం ముందు సైకిలాపి, ఒక కాలు మాత్రం నేలమీద ఆనించాడు.

"సేటూ, తలనూనె సీసల ఉన్నదా?"

"నువ్వు సీస తే, పోస్త."

"లూజుదైతె వద్దు. మూతేసి ఉన్నదే కావాలె."

సైకిలు వెళ్ళిపోయింది. సేటు చాలాసేపు అది పోయిన వైపే చూశాడు.

"ఏందిరా, నా నూనె లూజుదా?" అన్నాడు నాతో.

"అందరూ గట్లనే అంటాండ్రు సేటూ. వర్ధన్నపేట అంగడిల గూడ సీస నూనే అడుగుతాండ్రు."

"సీసల ఏసి మూత బిగిస్తె మరి కొసరెట్ల ఏస్తరు?"

"ఎయ్యరు."

"జనం ఊకుంటాండ్రా?"

"సీస నూనెకు కొసరుండదు గదా అని ఊకుంటాండ్రు."

ఆ రోజు సేటు అన్నం సరిగా తినలేదట. సీసా లేకపోతే గిరాకీ పోతుంది. సీసా ఉంటే కొసరు పోతుంది. ఈ రెండింటి మధ్య నలిగి నలిగి, చివరికి సీసాలు నింపే మిషను కొన్నాడు.

బొంబాయిలో ఏదో అత్తరు కారఖానా మూతపడితే అక్కడి నుంచి గూడ్సు బండిలో వచ్చింది అది. బిగించడానికి మోషే వచ్చాడు. కాజీపేటలో రైలింజన్ల దగ్గర చాలాకాలం పనిచేసిన మేస్త్రీ. ఆదివారం చర్చిలో ఎంత గట్టిగా పాడేవాడో, మిగతా రోజుల్లో నట్లతో అంత గట్టిగా పోట్లాడేవాడు. తనకు తెలియని మిషనును దేవుడింకా ఎవరిచేతా చేయించలేదని ఆయన నమ్మకం.

"హోలీనాడు పిచికారీ కొట్టిన్రా ఎన్నడన్న? గదే ఇది," అని మాకు వివరించాడు. "మీద తొట్టిల నూనె ఉంటది. కింద ఈ ఇత్తడి గొట్టంల పిస్టన్ ఆడుతది. ఎనకకు గుంజితె తొట్టిలకెల్లి పీలుస్తది, ముందుకు నూకితె సీసల కక్కుతది. నడుమ ఒక తలుపున్నది. అది ఒక్కదిక్కే తెరుసుకుంటది, దిగిన నూనె మల్ల మీదికి పోదు. ఎనక ఈ మర సూడున్రి. దీన్ని ఎక్కడ బిగిస్తె పిస్టన్ అక్కడిదాంకనే పోతది. అంతే నూనె పీలుస్తది, అంతే పోస్తది. నువ్వు నవ్వినా అంతే, ఏడ్సినా అంతే."

"బాలింత వచ్చినా అంతేనా?" అన్నాడు సేటు.

"మిషనుకు బాలింతేంది, బాపనాయనేంది సేటూ?"

మంచిరోజు చూసి మిషనుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. మోషే తన పద్ధతిలో ఒక పక్కన నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. బజారులో సగం మంది చూడ్డానికొచ్చారు. సేటు స్వయంగా మొదటి సీసా పెట్టాడు, మోషే పిడి లాగి నెట్టాడు. బుడబుడమని సీసా నిండింది. నూనె ఆగింది. గొట్టం కొసన ఒక్క చుక్క మిగిలి, బఠాణీగింజలా వేలాడింది. సేటు మొహం విప్పారింది. మిషను కూడా కొసరు వెయ్యబోతోందని ఆయన ఆశ. అందరూ ఆ చుక్కనే చూస్తున్నారు.

చుక్క సర్రున వెనక్కి లోపలికి పోయింది.

సేటు నల్లబడిపోయాడు. "ఏమాయె? ఎటు పాయె?"

"అది మంచి మిషన్లకే ఉండే గుణం," అన్నాడు మోషే గర్వంగా. "ఆఖరి చుక్క కారి సీస ఖరాబు గాకుండ మల్ల లోపలికి గుంజుకుంటది."

"ఇయ్యబోయిన చుక్కను గుంజుకుంటదా?"

"ఔ."

"గింతమంది ముందట?"

"ఎంతమంది ముందటైనా."

సేటు పీపా మీద కూలబడ్డాడు. "మా ఏడు తరాలల్ల ఇసొంటిది పుట్టలే. పైసలిచ్చి కొనితెచ్చుకున్న," అన్నాడు.

ఆ గుణం తీసెయ్యమని పట్టుబట్టాడు. మిషను ముక్కు కోసినట్టే అవుతుందని మోషే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చివరికి తీసేశాడు. ఇక చూసుకోండి, గొట్టం కారుతూనే ఉంది. సీసాలకు అంటించిన చీటీలు జారి కింద పడ్డాయి. సీసాలు చేతుల్లోంచి జారి కింద పడ్డాయి. తర్వాత మేం జారి కింద పడ్డాం. దుకాణం ముందు నుంచి పోతున్న ఒక మేక కాలుజారి, నిలబడ్డది నిలబడ్డట్టే ఎదురు దుకాణంలోకి వెళ్ళిపోయిందనీ, అక్కడి వ్యాపారి తలెత్తకుండానే "రా అక్కా, ఏం కావాలె?" అన్నాడనీ నేను అప్పట్లో ఊరూరా చెప్పేవాణ్ణి. వారం తిరక్కుండానే మోషే మిషను ముక్కు మళ్ళీ అతికించాడు.

సేటు అలిగి మిషను వైపు చూడ్డం మానేసిన ఆ రోజుల్లో ఆయన భార్య మనసు దాని మీద పడింది. ఆమె మామిడికాయ తొక్కు కలిపి పెద్ద గంగాళంతో తెచ్చింది.

"మోషే, గీ తొక్కు గూడ జాడీలల్ల నింపుతదా నీ మిషను?"

నింపదని చెప్పడం మోషే వంశంలో లేదు. "నింపుతదమ్మా. గని ముద్ద సరుకు సంగతి వేరు. నూనె దానంతటది దిగుతది. ముద్దను మీదికెల్లి ఒత్తాలె, గొట్టం మూతి ఎడల్పు గావాలె," అన్నాడు. సన్న గొట్టం విప్పి లావు గొట్టం పెట్టాడు. తొట్టిలో తొక్కు పోసి, పైనుంచి పలకతో నన్ను ఒత్తమన్నాడు. మొదటి జాడీలో తొక్కు ఎంత ముద్దుగా పడిందంటే, ఆమె రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది. రెండోసారి ఒక మామిడి ముక్క పోయి తలుపుకు అడ్డంపడింది. మోషే తన బలమంతా పెట్టి పిడిని నెట్టాడు. ముక్క తప్పుకుంది. లోపల ఆగి ఉన్నదంతా ఒక్కసారిగా వచ్చి జాడీని దాటి, ఎదురుగా గోడకు తగిలించిన మోషే తెల్లచొక్కా మీద పడింది. చర్చికి వేసుకునే చొక్కా అది.

"ఉప్పు సరిపోయిందా జర సూడు," అంది ఆమె.

మిషనును ఎంత కడిగినా కొన్నాళ్ళు తలనూనె వెల్లుల్లి వాసన కొట్టింది. కాశిబుగ్గ మగ్గాల దగ్గరివాళ్ళు ఆ నూనె రాసుకుంటే పడిశం పట్టడం లేదని, అది అయిపోయాక కూడా "ఎల్లిపాయ రకం లేదా?" అని అడిగేవాళ్ళు.

అసలు గొడవ సీసాలు బజారుకెక్కాక మొదలైంది. ఆ సీసాల గాజు ఒక్క తీరుగా ఉండేది కాదు. ఒకదాని అడుగు మందం, ఇంకోదాని అడుగు పలుచన. మిషను అన్నిట్లోనూ సమానంగానే పోసేది. మందపాటి సీసాలో నూనె మెడదాకా లేచేది, పలుచటి దాంట్లో భుజాల దగ్గరే ఆగిపోయేది. పక్కపక్కన పెడితే ఒకటి విందు తిన్నట్టు, ఇంకొకటి పస్తున్నట్టు ఉండేవి. నేను ఊళ్ళు తిరిగి వచ్చేటప్పుడు నా పెట్టెలో మిగిలినవన్నీ పస్తున్నవే.

"ఇవెందుకు మిగిలినయిరా?" అన్నాడు సేటు.

"తక్కువున్నయి అంటాండ్రు."

ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "నా నూనెనా? తక్కువనా?"

ఆ మాట ఆయన మీద ఎలా పనిచేసిందో చెప్పాలంటే, చెంపదెబ్బ తిన్నవాళ్ళను చూసి ఉండాలి. పీపా ముందు కూర్చున్న నాటి నుంచి ఆ మాట ఆయన చెవిన పడలేదు. అంతమందికి అన్నాళ్ళు కొలిచి పోస్తే ఎవరూ అనని మాట, మిషను వచ్చి అనిపించింది.

మర్నాటి నుంచి చెంచా పట్టుకుని మిషను పక్కన కూర్చున్నాడు. పలుచటి సీసా రాగానే మూతిదాకా నింపేవాడు. దానికి పోసి మందపాటి దానికి పొయ్యకపోతే అన్యాయం కదా అని, దానికీ నింపేవాడు. ఏ సీసాలోనూ గాలి దూరే సందు లేదు. బిరడాలను కొట్టి కొట్టి బిగించి, వెనక రేకుల షెడ్డులో వరసలుగా పేర్చాం. ఎండలు ముదిరాయి. వరంగల్ ఎండల సంగతి వేరే చెప్పాలా? ఆ రోజుల్లో కోటలోని రాతి ఏనుగులు కూడా నీడలోకి జరిగేవి.

ఒక మధ్యాహ్నం అందరం కునుకు తీస్తుండగా షెడ్డులో "టప్" మంది. తర్వాత ఇంకోటి. ఆ పైన దీపావళి. వెళ్ళి తలుపు తీస్తే బిరడాలు తూనీగల్లా ఎగురుతున్నాయి. ఒకటి నా చెవి పక్కనుంచి పోయి గోడమీద బల్లికి తగిలింది. ఇదంతా నిజమేనన్నట్టు బల్లి కూడా పలికింది.

"నూనె ఎండకు ఉబ్బుతది సేటూ. సీస ఉబ్బదు," అన్నాడు మోషే, నూనెలో చీలమండల దాకా నిలబడి. "మెడల జర జాగ ఇడవాలె."

"జాగ ఇడిస్తె తక్కువంటరు."

"ఇడవకుంటె మూత లేస్తది."

సేటు ఒక బిరడా ఏరి సీసాకు మళ్ళీ బిగించబోయాడు. తర్వాత మోషే కళ్ళు మెరిశాయి. "ఒక ఉపాయం ఉన్నది. మర జర లోపలికి తిప్పుత. మిషను కొంచెం తక్కువ పోస్తది. దానిమీద నువ్వు చెంచతోని కొసరు పొయ్యి. రెండు కలిస్తె సరిగ్గ కొలత అయితది. మెడల జాగ ఉంటది, నీ కొసరు నీకుంటది."

ఇంత గొప్ప ఆలోచన నాకెందుకు రాలేదా అని నేను అసూయపడ్డాను. సేటు మాత్రం మెల్లగా లేచాడు.

"అంటే కొలతలకెల్లి కోసి కొసరని ఇయ్యమంటవు."

"ఎవలకు తెలుస్తది సేటూ?" అన్నాను నేను.

"నా చేతికి తెల్వదారా? నిండినంక పోసేది కొసరు. నిండనీకె పోసేది బాకీ," అన్నాడు. చెంచా విసిరికొట్టాడు. "ఈసారి అంగడికి నేనే వస్త. కొలత ఎంతనో అంతే పోసి, మెడల జాగ ఇడిసి, మూతెయ్యిన్రి. వర్ధన్నపేటల ఒక్కలన్న నా మొకం మీద తక్కువ అన్నరా, మిషనును పాత ఇనుపోనికి ఏసి, దుకాణం బందుపెట్టి ఇంట్ల కూసుంట."

"ఇంట్ల కూసుంటరా?" అంది ఆయన భార్య లోపలి నుంచి. "అయితె నేను పోయి దుకాణంల కూసుంట."

అంగడి రోజున, అంటే వారపు సంతనాడు, ఖమ్మం పోయే లారీలో సీసాల పెట్టెలతో ముగ్గురం వెళ్ళాం. మిషనును ఎవరైనా ఒక మాటంటే జవాబు చెప్పాలని మోషే కూడా వచ్చాడు. చింతచెట్టు నీడలో బొంత పరిచి సీసాలు పేర్చాం. మొట్టమొదటి గిరాకీగా తలమీద గంపతో ఒక నడివయసు ఆమె వచ్చి నిలబడింది. గంప దించలేదు. రెండు సీసాలు ఎత్తి, చెరో చేతిలో పట్టుకుని, ఎండకు అడ్డంపెట్టి చూసింది.

"సేటూ, గీ సీసల ఇంతదాంక ఉన్నది, గా సీసల గంతదాంక ఉన్నది. ఎక్కువున్నది నాకియ్యి. గింకోటి మీ ఇంటామెకు పట్కపో."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"రెండు సమానమే తల్లీ. సీస మందంల తేడా ఉన్నది గంతే," అన్నాడు సేటు.

"మిషను పోసిన కొలత అక్కా, తప్పదు," అన్నాడు మోషే.

"మిషనుకు కండ్లున్నయా?"

"లెవ్వు."

"నాకున్నయి. గీ సీసల..." అని ఆమె ఇంకేదో అనబోయింది. ఆ మాట ఆమె నోటి కొసకు వచ్చేసింది. సేటు పెదాలు తెల్లబడడం నేను చూశాను.

"ఆగు!" అన్నాడు. చేతిసంచిలోంచి ఇత్తడి కొలత పాత్ర బయటికి తీశాడు. తక్కువ కనిపిస్తున్న సీసా లాక్కుని, బిరడా పళ్ళతో పీకి, అందరూ చూస్తుండగా ఒంపాడు. నూనె పాత్ర అంచుదాకా వచ్చి ఆగింది. దాన్ని పక్కన గిన్నెలోకి మార్చి, రెండో సీసా ఒంపాడు. సరిగ్గా అదే అంచుకు వచ్చింది. జనం మెడలు సాగదీసి చూశారు.

"సమానమే ఉన్నది," అని ఒప్పుకుంది ఆమె. మోషే మీసం దువ్వుకున్నాడు. అయితే ఆమె కదల్లేదు. సేటు మొహంలోకే చూస్తూ, "మరి కొసరు?" అంది.

"సీస నూనెకు కొసరుండదక్కా," అన్నాను నేను.

"నిన్నెవడడిగిండయ్యా? పోసేటాయన్ను అడుగుతాన."

సేటు ఆమెను చూశాడు. ఆమె సేటును చూసింది. ఆయన చెయ్యి తనంతట తనే ఇంకో సీసా అందుకుంది. బిరడా పీకింది. మణికట్టు తిరిగింది. గిన్నెలోకి సన్నటి దారం దిగింది. అంత పొడుగు దారం నేను బజారులో కూడా చూడలేదు. అది తెగేదాకా ఆమె గంప కూడా ఊగలేదు.

"ఇగ పో," అన్నాడు సేటు.

నేను ఆ నూనెను మళ్ళీ ఆమె సీసాలో పొయ్యబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తానవయ్యా? మల్ల అండ్ల పోస్తె మల్ల కిందికే కనవడ్తది. నా ముంతల పొయ్యి. నీ సీస నువ్వే ఉంచుకో."

అంతే, అంగడి మా మీద పడింది. ముంతలొచ్చాయి, చెంబులొచ్చాయి, సద్దిగిన్నెలొచ్చాయి. ఒకాయన లాంతరు బుడ్డి తెచ్చాడు, ఇంకొకాయన సొరకాయ బుర్ర తెచ్చాడు. ఎవరిది వాళ్ళకు కొలిచి చూపించాలి, కొసరు వెయ్యాలి, వాళ్ళ గిన్నెలో ఒంపాలి. పని త్వరగా తెములుతుందని నేను కొన్ని సీసాల బిరడాలు ముందే తీసిపెడితే, ఎవరూ వాటిని ముట్టుకోలేదు. "మా ముందట మూత తియ్యిన్రి. తీసినయి మాకెందుకు?" అన్నారు.

పిల్లవాణ్ణి చంకనెత్తుకున్న ఒకాయన సంచిలోంచి ఖాళీ సీసా తీశాడు. చూస్తే అచ్చం మా సీసా. కిందటి అంగడిలో నా దగ్గర కొన్నదే. సేటు ఒక నిండు సీసా తీసుకుని, బిరడా పీకి, పాత్రలో ఒంపి, చూపించి, ఆ ఖాళీ సీసాలో పోసి, కొసరు వేశాడు. మోషే రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకున్నాడు.

"ప్రభువా! సీసలకెల్లి తీసి సీసల పోస్తాండు!"

పొద్దు వాలేసరికి బొంతమీద నూనె చుక్క మిగల్లేదు. సీసాలన్నీ మిగిలాయి. చివర్లో ఒక ముసలాయన ముంత పట్టుకుని వెనక్కి వచ్చాడు. సేటు బిక్కచచ్చిపోయాడు.

"ఏమైంది పెద్దయ్యా?"

"పొర్లుతాంది సేటూ. జర మీదిది నా అరచేతిల పొయ్యి, నెత్తికి పెట్టుకుంట."

తిరుగు లారీలో ఖాళీ పెట్టెల మీద కూర్చున్నాం. ఒక్కరు కూడా తక్కువ అనలేదని సేటు నాచేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. మోషే ఉండబట్టలేక ఆయన వైపు తిరిగాడు.

"నాకొకటి చెప్పు సేటూ. పీపల నూనె మిషనుల పోస్తిమి. మిషనుతోని సీసల నింపితిమి. మూతేస్తిమి. గింత దూరం మోసుకచ్చి మూత తీస్తిమి. మల్ల కొలిచి ముంతల పోస్తిమి. గదేందో పీపకెల్లే పోస్తె అయిపోవు గద! నడుమ నా మిషనెందుకు?"

"సీసలు నింపనీకె."

"మరి సీసలెందుకు?"

సేటు ఆయన వైపు జాలిగా చూశాడు.

"పిచ్చోడా, వాళ్ల ముందట మూత తియ్యనీకె."

మోషే ఆకాశంలోకి చూశాడు. అక్కడి నుంచి సాయమేదీ రాలేదు. సేటు సీసాల పెట్టెకు తల ఆనించి నిద్రపోయాడు. వరంగల్ చేరేదాకా ఆయన గురకా, ఖాళీ సీసాల గలగలా పోటీలు పడ్డాయి.

ఇక మోషే రాడనే అనుకున్నాను. మర్నాడు పొద్దున నేను దుకాణానికి వెళ్ళేసరికి వచ్చి ఉన్నాడు. సీసాలన్నీ కడిగి, ఆరబెట్టి, మిషను ముందు వరసగా నిలబెట్టాడు. తొట్టి నింపాడు. మర చూసుకున్నాడు. పిడిమీద చెయ్యి వేసి, సేటు వైపు తిరిగి, ఎంతో గౌరవంగా అడిగాడు.

"ఇయ్యాల నింపేటియి ఏ ఊర్ల ఒంపనీకె సేటూ?"